దారి తప్పిన ఆనందమ్మ

జైనూర్ చుట్టుపక్కల గూడేల్లో ఆనందమ్మ ఎక్కడుందని అడిగితే జనం కాస్త ఆలోచిస్తారు. బర్ల ఆనందమ్మ ఎక్కడుందని అడిగితే మాత్రం ఆలోచనే లేదు. ఫలానా వాళ్ల అరుగు మీద కూర్చుని చాయ తాగుతోందనో, ఇప్పుడే లేచి వాగు దాటిందనో వెంటనే చెప్పేస్తారు. ఆ పేరు ఆమెకు ఇష్టం కూడా. పశువులకు బీమా చేసే పశుక్షేమ అనే ప్రైవేటు కంపెనీలో ఆమె పని. ఊరూరా తిరిగి, బర్రె ఉన్నవాళ్లను బీమాకు ఒప్పించాలి. ఆ బర్రె చెవికి పసుప్పచ్చ బిళ్ల వేయించి, ముఖం ఫోటో తీసి కంపెనీకి పంపాలి. ఒప్పించడమంటే మాట్లాడటమే. మాట్లాడినందుకు జీతమిచ్చేవాళ్లు కూడా ఉంటారని తెలిసిన రోజు ఆమె భర్త యెషయా పత్తి చేను గట్టు మీద కూలబడి నవ్వాడు.

"ఇన్నొద్దులు ఫుకట్ల మాట్లాడినవ్ గదనే!" అన్నాడు.

ఆనందమ్మ ఏ ఇంటికి పోయినా బీమా మాట ముందు ఎత్తదు. కోడలికి నెలలు నిండాయా, చేలోకి పందులు వస్తున్నాయా అని కనుక్కుంటుంది. చాయ వస్తుంది. చాయ సగమయ్యాక కొట్టంలోకి తొంగి చూసి, "మీ బర్రె జర సన్నవడ్డట్టున్నదేంది?" అంటుంది. ఇంటావిడ కంగారుపడి బర్రె తినే తిండి, తాగే నీళ్లు, పోయినేడు పోయిన దూడ సంగతి మొత్తం ఏకరువు పెడుతుంది. చాయ అయిపోయేసరికి బీమా కూడా అయిపోతుంది. ఏళ్ల తరబడి పని అలాగే సాగింది.

కిందటేడు వానలు పడబోయే ముందు కరీంనగర్ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. తిరిగి పనిచేసేవాళ్లందరినీ పిలిచి తలా ఒక ఫోన్ చేతిలో పెట్టారు. పంచినవాడు సూపర్‌వైజర్ నరేశ్. సిరిసిల్ల మరమగ్గాల వాడలో పుట్టి పెరిగిన పిల్లవాడు. మగ్గాల చప్పుడు మీద మాట వినపడాలంటే అరవక తప్పని ఇల్లు వాళ్లది. అందుకని చిన్న గదిలో మాట్లాడినా అతని గొంతు బజారు దాకా వినపడేది.

"ఇగ మీకు ఏ రందీ లేదు. కాయితాలు లెవ్వు, పెన్ను లేదు. అన్నీ గీ ఫోన్లనే!" అని చాటాడు.

"దీంట్ల పాటలు వస్తయా సార్?" అని అడిగింది ఆనందమ్మ.

"రావు అక్కా."

"మా బిడ్డ క్యాథరిన్‌కు ఫోన్ కొట్టచ్చా?"

"కొట్టరాదు. ఇది ఒక్క ఆఫీసుకే పోతది."

"సప్పుడు తక్కువ చేసుకోవచ్చా?"

నరేశ్ ఒక్క క్షణం గొంతు తగ్గించాడు. "చెయ్యరాదు."

"టైమన్నా చూపెడ్తదా?"

"గది మాత్రం పక్కా చూపెడ్తది అక్కా!" అన్నాడు నరేశ్, ఎక్కడో ఒకచోట అవునని చెప్పే అవకాశం దొరికినందుకు సంతోషపడుతూ.

ఇంటికొచ్చాక తెలిసింది అసలు సంగతి. పొద్దున తొమ్మిదింటికి ఆ ఫోన్ ఆనందమ్మ ముఖం చూపించమంటుంది. కళ్లు మూసి తెరవమంటుంది, తల కుడికి తిప్పమంటుంది, నవ్వొద్దంటుంది. చివరిది ఆమెకు అన్నిటికన్నా కష్టం. ముఖం నచ్చితే ఆ రోజు నడవాల్సిన దారిని పటంలో చూపిస్తుంది. ఆ దారి నుంచి పక్కకు జరిగితే ఒక ఆడగొంతు లేస్తుంది: "మీరు దారి తప్పారు. వెంటనే వెనుకకు మరలండి." సరే అని దారిలోనే ఉండి ఎవరి అరుగు మీదనైనా కాసేపు కూర్చుంటే మళ్లీ అదే గొంతు: "మీరు ఆగిపోయారు. కారణం తెలపండి. ఒకటి, వాహనం చెడిపోయింది. రెండు, రోడ్డుపై రద్దీ. మూడు, భోజనం." నాలుగోది లేదు. చాయ తాగుతున్నాననో, బర్రెకు ఈనడం కష్టమైతే పక్కన కూర్చున్నాననో చెప్పే వీలే లేదు. మనిషి జాడ లేని అడవి బాటలో నిలబడి ఆనందమ్మ రోజంతా రెండో నంబరు ఒత్తేది. కరీంనగర్ ఆఫీసు లెక్క ప్రకారం జైనూర్ గుట్టల్లో ఉన్నంత రద్దీ పట్నంలో కూడా లేదు.

దానికన్నా పెద్ద తంటా ఇంకొకటుంది. ఫోన్ పొద్దున తొమ్మిదింటికి తెరుచుకుని సాయంత్రం ఆరింటికి మూసుకుపోతుంది. బర్లు అంతకు ముందే మేతకు పోతాయి, ఆ తర్వాతే ఇల్లు చేరతాయి. అంటే ఫోన్ ఉన్నప్పుడు బర్రె ఉండదు, బర్రె ఉన్నప్పుడు ఫోన్ పలకదు.

ఎప్పుడైనా ఒక బర్రె ఇంటిపట్టున దొరికినా దానితో ఇంకో గొడవ. శంకరవ్వ అనే ముసలావిడకు సుక్కి అని ఒక బర్రె ఉంది. ఆమెకు ఆ బర్రే దిక్కు. దూడగా ఉన్నప్పుడే తుమ్మముల్లు గుచ్చుకుని దానికి ఎడమ కన్ను పోయింది. అందుకే దాన్ని మందతో మేతకు పంపదు. ఆనందమ్మ ఫోన్ పట్టుకోగానే ఆ గొంతు, "రెండు కళ్లు కనిపించునట్లు చిత్రం తీయండి" అంది. పక్కకు జరిగి తీసింది, వంగి తీసింది, కొట్టం గోడెక్కి తీసింది. అదే మాట.

"దానికున్నదే ఒక్క కన్నాయె. ఇంకోటి నేను యాడికెళ్లి తేవాలె బిడ్డా?" అంది శంకరవ్వ. తర్వాత ఫోన్ వైపు తిరిగి, "నీకు మాత్రం రెండున్నయా?" అని అడిగింది. ఫోన్ వెనక చూస్తే మూడున్నాయి. దాంతో ముసలావిడకు ఇంకా కోపం వచ్చింది.

ఆఫీసుకు ఫిర్యాదు పంపితే మర్నాడే జవాబు వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. సుక్కికి రెండో కన్ను మాత్రం రాలేదు.

ఇదంతా ఎలాగో ఓర్చుకునేదే, ఆ ఆదివారం లేకపోతే. కంపెనీవాళ్లు ఆ వారం ఆదివారం కూడా పని పెట్టారు. ఆనందమ్మ పొద్దున ఫోన్‌కు ముఖం చూపించి, ముందు ఆరాధన, తర్వాతే బర్లు అనుకుని చర్చికి వెళ్లింది. ఫోన్‌ను తువ్వాలలో చుట్టి, సంచి అడుగున పెట్టి, పైన బైబిలు, పాటల పుస్తకం, ఇంకో తువ్వాల పెట్టింది. పాస్టర్ జోయల్ కొత్తగా వచ్చిన యువకుడు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆయన చేతులెత్తి, "ప్రభువా, మా హృదయాలను నీ ముందు పరుస్తున్నాం. మేము ఎట్లున్నమో మాకు తెలియజెయ్యి," అని ఆగాడు.

"మీరు దారి తప్పారు," అంది ఆడగొంతు.

కళ్లు మూసుకున్నవాళ్లు తలలు ఇంకా కిందికి వంచారు.

"వెంటనే వెనుకకు మరలండి."

వెనక వరుసలో చెవులు సరిగా వినపడని ఒక ముసలాయన గట్టిగా "ఆమేన్" అన్నాడు. ముందు వరుసలో, కిందటి సాయంత్రం ఎవరికీ తెలియకుండా ఈతవనానికి పోయి కల్లు తాగొచ్చిన ఒకాయన మోకాళ్ల మీద పడి ఏడవడం మొదలుపెట్టాడు. ఆనందమ్మ రెండు చేతులతో సంచిని ఒత్తిపట్టింది. ఒత్తిన కొద్దీ గొంతు పెరిగినట్టే అనిపించింది. "మీరు ఆగిపోయారు. కారణం తెలపండి. ఒకటి, వాహనం చెడిపోయింది. రెండు, రోడ్డుపై రద్దీ. మూడు, భోజనం."

ముందు పిల్లలు కిసుక్కుమన్నారు. తర్వాత పెద్దలు కొంగులూ రుమాళ్లూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నాయన తలెత్తి, ఇది పైనుంచి వచ్చిన గొంతు కాదని తెలుసుకుని, మోకాళ్ల దుమ్ము దులుపుకుని, కోపంగా చుట్టూ చూశాడు. జోయల్ పాస్టర్ మాత్రం కళ్లు తెరవకుండానే అన్నాడు:

"ఆనందమ్మా, మూడో నంబరు ఒత్తుండ్రి. ఈడ దొరికేది కూడ భోజనమే."

ఇంటికి పోయే దారంతా యెషయా రుమాలు నోటికి అడ్డం పెట్టుకునే నడిచాడు. వాకిలి తడిక మూశాక గోడకు ఆనుకుని కళ్లనీళ్లు కారేదాకా నవ్వాడు.

"నవ్వు నవ్వు. నా నౌకరి పోతది, నీకు నవ్వొస్తది," అంది ఆనందమ్మ.

"నౌకరి ఎందుకు పోతదే? దానికి నువ్వు నడుసుడు కావాలె. నడువు."

"నేను నడుస్తనే ఉంటె మనుషులతోటి మాట్లాడేదెప్పుడు?"

దానికి జవాబు మర్నాడు భూమన్న దగ్గర దొరికింది.

భూమన్న భైంసా వైపు నుంచి ఇల్లరికం వచ్చినవాడు. గూడెం బర్లన్నిటినీ మేతకు తోలుకుపోయేది ఆయనే. ఆడవాళ్లనందరినీ బాయి అని పిలవడం ఆయనకు అటువైపు నుంచి వచ్చిన అలవాటు. ఆనందమ్మ తన గోడు వెళ్లబోసుకుంటుంటే మందను విప్పుతూ విన్నాడు. "ఇంత పరేషానెందుకు ఆనందబాయి? దానికి కావాల్సింది పొద్దంత నడుసుడేనాయె. గట్లయితె మా రాణికియ్యి, పొద్దుమూకెదాంక నడుస్తది," అని తన మాటకు తనే నవ్వుకున్నాడు.

ఆనందమ్మ నవ్వలేదు. రాణి వైపు చూసింది. మంద ముందు నడిచే బర్రె అది. నెమ్మదస్తురాలు. కొమ్ములు వెనక్కి తిరిగి, నడుమ చిన్న పీట వేసినంత చోటుంది.

ఆ రోజు మంద వెంట అడవి అంచు దాకా నడిచి, తొమ్మిది కాగానే ఫోన్‌కు ముఖం చూపించి, నవ్వకుండా నిలబడి, హాజరు పడ్డాక దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పాత తువ్వాలలో చుట్టి, రాణి కొమ్ముల నడుమ తలపాగాలా కట్టింది. రాణి తల ఒకసారి ఊపి, బరువేమీ లేదని తేల్చుకుని, అడవి దారి పట్టింది. కాసేపటికి ఒక పొద దగ్గర ఆగి మేస్తుంటే నెత్తిమీద గొంతు, "మీరు ఆగిపోయారు" అంది. రాణి చెవులు ఆడించి, మేత వదిలేసి ముందుకు కదిలింది. చెప్పిన మాట అంత వెంటనే వినే ఉద్యోగి పశుక్షేమ కంపెనీకి అప్పటిదాకా దొరకలేదు. ఆనందమ్మ ఎప్పుడూ ఒత్తింది రెండో నంబరే కాబట్టి, జవాబు రాని ప్రశ్నలకు ఫోన్ తనంతట తానే రద్దీ అని రాసుకునేది. దారి తప్పారని అరిచినా రాణి పట్టించుకునేది కాదు. భూమన్న మాత్రం మొదటి రెండు రోజులు ఉలిక్కిపడి కర్ర ఎత్తేవాడు.

ఆనందమ్మకు ప్రాణం లేచొచ్చింది. మళ్లీ అరుగులు, మళ్లీ చాయలు. మిట్టమధ్యాహ్నం మంద వాగులో పడుకునే వేళకు తనూ అక్కడికి చేరేది. బురద కడుక్కుని ఒక్కొక్కటే పైకొచ్చే బర్లకు తీరిగ్గా ఫోటోలు తీసేది. తేటగా మెరిసే ముఖాలను ఫోన్ ఒక్కసారికే ఒప్పుకునేది. అయిపోగానే ఫోన్ మళ్లీ రాణి నెత్తికెక్కేది. పని రెండింతలైంది. ఒక్క సుక్కి మాత్రం మిగిలిపోయింది.

కరీంనగర్లో నరేశ్ పటం చూసి బిత్తరపోయాడు. ఆనందమ్మ గీత గుట్టలెక్కుతోంది, లోయలు దిగుతోంది, అడవంతా అల్లుకుపోతోంది. ఆమె సొంత ఫోన్‌కు చేశాడు.

"అక్కా, గా గుట్టల మీద గంత తిరుగుడేంది? మోకాళ్లు మంచిగనే ఉన్నయా?"

"దేవుని దయ సార్."

"మరి మధ్యాహ్నం వాగు నడిమిట్ల గంతసేపు ఏంజేస్తున్నవ్?"

"సల్లగుంటది సార్," అంది ఆనందమ్మ. అందులో అబద్ధమేమీ లేదు.

ఇంతటి పనిమంతురాలిని ఒకసారి కళ్లారా చూసి రమ్మని పైవాళ్లు నరేశ్‌ను పంపారు. అతనికీ ఒక కంపెనీ ఫోన్ ఉంది. అది ఇంకా కఠినమైంది. దాన్ని పనివాళ్ల ఫోన్ పక్కన పెడితే తప్ప అతను వచ్చినట్టు అది నమ్మదు. పటం మీద చుక్కను పట్టుకుని నరేశ్ మోటారు సైకిల్ మీద ఉట్నూర్ దాటి, జైనూర్ దాటి, మట్టిబాట కూడా దాటి, బండి దిగి నడిచి, చెమటలు కక్కుతూ వాగు ఒడ్డుకు చేరాడు. ఒడ్డున భూమన్న చుట్ట కాలుస్తున్నాడు.

"ఆనందమ్మ ఏడున్నది తాతా?"

"వస్తది సార్, కూసోండ్రి. ఆమె ఇంక రాలే. ఆమె ఫోన్ మాత్రం గాడుంది," అని భూమన్న చుట్టతో వాగు నడుమకు చూపించాడు.

నీళ్లలో పది పన్నెండు నల్లటి తలలు తేలుతున్నాయి. ఒక తలకు పూల తువ్వాల కట్టి ఉంది. నరేశ్ చాలాసేపు అటే చూశాడు. నిజం తెలియడానికి ఒక క్షణం పట్టింది, నమ్మడానికి ఇంకొంచెం పట్టింది. కోపం తెచ్చుకుందామనుకున్నాడు. ఈలోపు అతని చేతిలోని ఫోన్, "మీరు దారి తప్పారు" అంది. పొద్దుటి నుంచి అదే మాట. హాజరు పడకపోతే ఇంత దూరం వచ్చిందీ సున్నా కిందికే పోతుంది. బూట్లు విప్పాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. ఫోన్‌ను ఎత్తిపట్టి వాగులోకి దిగాడు.

ఆనందమ్మ వచ్చేసరికి నరేశ్ నడుము లోతు నీళ్లలో, రాణి ముందు నిలబడి ఉన్నాడు. మడిచిన ప్యాంటు మొత్తం తడిసిపోయింది. తువ్వాలలోంచి ఒక గొంతు, "మీరు ఆగిపోయారు, కారణం తెలపండి" అంటోంది. అతని చేతిలోంచి అదే గొంతు, "వెంటనే వెనుకకు మరలండి" అంటోంది. రాణి ముందు మొదటిదాని మాట విని లేవబోయింది, తర్వాత రెండోదాని మాట విని ఆగిపోయింది.

నౌకరి పోయింది, పోయినట్టే అనుకుంది ఆనందమ్మ. "సార్..." అంది ఒడ్డు మీంచి.

"అక్కా, ఏం మాట్లాడకు," అన్నాడు నరేశ్ అటు తిరగకుండానే. "ముందుగాల నా హాజరు పడనీయి. దీన్ని జర కదలకుంట పట్టుకో."

ఆనందమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగి రాణి మెడ నిమిరింది. నరేశ్ తన ఫోన్‌ను తువ్వాలకు ఆనించాడు. "ధన్యవాదాలు. మీ పర్యవేక్షణ విజయవంతమైనది," అంది ఫోన్. ఒడ్డున భూమన్నకు పొలమారి దగ్గు ఆగలేదు. నరేశ్ పెదవి బిగించాడు, భుజాలు కదిలాయి, ఇక ఆపుకోలేక రాణి వీపు మీద చెయ్యి వేసి పగలబడి నవ్వాడు. మరమగ్గాల వాడ గొంతు కదా, గుట్టలు మార్మోగాయి.

"కొండగట్టు అంజన్న మీద ఒట్టు అక్కా, నాది కూడ గిదే బతుకు," అన్నాడు నవ్వు తగ్గాక. "నీళ్లు తాగుదమని ఆగితె కారణం చెప్పుమంటది. మొన్న మా అవ్వ దవాఖానల ఉంటె పోయి కూసున్న. రద్దీ అని ఒత్తిన."

ఆనందమ్మ అతన్ని వెంటనే వెళ్లనివ్వలేదు. ప్యాంటు ఆరేదాకా చాయ తాగించి, తీసిన ఫోటోలన్నీ చూపించి, అక్కడి నుంచి శంకరవ్వ ఇంటికి తీసుకుపోయింది. "సార్, మీరే తీయుండ్రి. నాతోని అయితలేదు," అంది.

నరేశ్ ముందు నిలబడి తీశాడు. "రెండు కళ్లు కనిపించునట్లు చిత్రం తీయండి." గోడెక్కి తీశాడు. అదే మాట. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఫిర్యాదు రాసి పంపమన్నారు. శంకరవ్వ ఇద్దరినీ చూసింది, ఆ ఫోన్‌నూ చూసింది.

"దానికి కన్నే కావాలె గదా?" అని నుదుటి మీది గుండ్రటి పెద్ద బొట్టుబిళ్లను ఊడదీసి, సుక్కి మూసుకుపోయిన ఎడమ రెప్ప మీద అతికించింది. సుక్కి ఒకసారి తల విదిలించింది కానీ బిళ్ల ఊడలేదు.

"ధన్యవాదాలు," అంది ఫోన్. "చిత్రం స్పష్టముగా ఉన్నది."

నరేశ్ ఫోటో కింద వివరాలు రాసే చోట, ఈ బర్రెకు ఎడమ కన్ను లేదు, నేనే స్వయంగా చూశాను అని రాసి తన పేరు పెట్టాడు. "నిజం రాసిన. ఫోటోకు నాకు సంబంధం లేదు," అన్నాడు. శంకరవ్వ బిళ్లను ఊడదీసి మళ్లీ తన నుదుటికి పెట్టుకుంది.

పటం నిండా అల్లుకుపోయిన ఆనందమ్మ గీతకు వివరణ ఇమ్మంటే నరేశ్ రిపోర్టులో, ఆమె పశువుల వెంటే ఉంటుంది, పశువులు ఇంట్లో ఉండే వేళకు ఫోన్ పనిచేస్తే ఇంకా మేలు అని రాశాడు. ఏ కారణం చేతనో ఆ ఒక్క ముక్క పైవాళ్లకు ఎక్కింది. ఫోన్ తెల్లవారుజామునే తెరుచుకోవడం మొదలైంది. అరుపు కూడా కాస్త తగ్గింది. కానీ నడవమనడం మానలేదు, ఆగితే అడగడమూ మానలేదు.

ఆ తర్వాత కరీంనగర్లో జరిగిన మీటింగులో పెద్దసారు ఆనందమ్మ నడిచిన దారి పటాన్ని గోడంత తెర మీద వేయించాడు. "చూడండి, ఎంత నిబద్ధత! అందరూ ఈమెలా నడవాలి," అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆనందమ్మ లేచి చేతులు జోడించింది. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ నరేశ్ బూటు తాడు కట్టుకునే నెపంతో కిందికి వంగి చాలాసేపు పైకి లేవలేదు.

భోజనాల దగ్గర భైంసా నుంచి వచ్చిన తిరుమల ఆమె పక్కన చేరింది. తిరుమలది అదే నౌకరి, అదే ఫోన్. కళ్ల కింద గుంతలు పడి ఉన్నాయి.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత. గంత నడుసుడు నీతోని ఎట్లయితుందే? నాకు జర చెప్పరాదు."

ఆనందమ్మ అటూ ఇటూ చూసి, పప్పు కలిపిన ముద్ద చేతిలోనే ఆపి, ఆమె చెవి దగ్గరికి వంగింది.

"మీ ఊరి మందల నెమ్మదైన బర్రె ఎవలిదున్నది చెల్లే?" అని అడిగింది.